టీవీ ట్యూనర్ కార్డులో సున్నా ఛానెళ్లు: ఉబుంటు మళ్ళీ ఎక్కించే ముందు ఇవి చూడండి

మీరు రాసిందాన్ని ముందు క్లుప్తంగా చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు 22.04 ఉంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న డీవీబీస్కై ఎస్950 శాటిలైట్ కార్డు పెట్టారు. డాబా మీద డీడీ ఫ్రీ డిష్ ఉంది, అక్కడి నుంచి ఒకే కేబుల్ కిందికి వస్తుంది, దాన్ని స్ప్లిటర్‌తో రెండు చేసి ఒకటి హాల్లో సెట్‌టాప్ బాక్సుకి, ఇంకొకటి కార్డుకి ఇచ్చారు. ఎల్ఎస్‌పీసీఐలో (కంప్యూటర్లో ఉన్న కార్డుల జాబితా చూపే కమాండు) కార్డు కనిపిస్తోంది, డెవ్ ఫోల్డర్లో డీవీబీ, అందులో అడాప్టర్0 కూడా వచ్చాయి. కానీ టీవీహెడ్‌ఎండ్‌లో (కార్డు నుంచి ఛానెళ్లు వెతికి చూపించే ప్రోగ్రామ్) స్కాన్ పెడితే మక్సులన్నీ, అంటే ఒక్కో ఫ్రీక్వెన్సీ మీద వచ్చే ఛానెళ్ల కట్టలన్నీ, ఫెయిల్, సర్వీసులు, అంటే ఛానెళ్లు, సున్నా. ఉబుంటు మళ్ళీ ఎక్కించినా అదే కథ. కార్డు పోయిందనుకుని అమ్మేద్దామనుకుంటున్నారు.

అమ్మకండి. మీరు చివర్లో ఒక మాట రాసి వదిలేశారు: స్కాన్ నడుస్తున్నప్పుడు హాల్లో టీవీ బొమ్మ కూడా మధ్యమధ్యలో ఆగిపోతోందని, ఇంట్లోవాళ్ళు విసుక్కుంటున్నారని. మీ ప్రశ్న మొత్తంలో నాకు పనికొచ్చిన వాక్యం అదే. మీ కార్డు బాగుందని, డ్రైవర్ పనిచేస్తోందని, కేబుల్ కూడా సరిగ్గానే ఉందని ఆ ఒక్క లక్షణంతోనే దాదాపు తేలిపోయింది. ఎలాగో చెప్తాను, ఇది అర్థమైతే మిగతా రిపేరంతా మీ చేతిలోనే ఉంటుంది.

డిష్ ముందు కొమ్మకి ఉండే ఎల్ఎన్‌బీకి (సిగ్నల్‌ని పట్టి కేబుల్లోకి పంపే చిన్న పరికరం) విడిగా కరెంటు ఉండదు. కింద ఉన్న బాక్సు గానీ కార్డు గానీ అదే కేబుల్లోంచి పైకి పంపే వోల్టేజీతోనే అది నడుస్తుంది. ఆ వోల్టేజీయే దానికి ఆదేశం కూడా. సుమారు 13 వోల్టులు వస్తే వర్టికల్ సిగ్నల్ ఇస్తుంది, 18 వస్తే హారిజాంటల్ ఇస్తుంది. దాని మీద 22 కిలోహెర్ట్జ్ టోన్ కూడా పంపితే 11700 మెగాహెర్ట్జ్ పైన ఉండే హై బ్యాండ్‌కి మారుతుంది, టోన్ లేకపోతే లో బ్యాండ్‌లోనే ఉంటుంది. ఫ్రీ డిష్ ఛానెళ్లు 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 నుంచి వస్తాయి, వర్టికల్, 11700 కింద. కాబట్టి మీ హాల్లో బాక్సు ఎప్పుడూ 13 వోల్టులే పంపుతుంది, టోన్ పంపదు.

ఇప్పుడు మీ కార్డు స్కాన్‌లో ఒక హారిజాంటల్ ఫ్రీక్వెన్సీ దగ్గరికి వచ్చి 18 వోల్టులు పంపిందనుకోండి. స్ప్లిటర్‌లో ఎక్కువ వోల్టేజీ ఎటునుంచి వస్తే అదే నెగ్గుతుంది. ఎల్ఎన్‌బీ హారిజాంటల్‌కి మారిపోతుంది, హాల్లో బాక్సుకి సిగ్నల్ పోతుంది, బొమ్మ ఆగుతుంది. కార్డు తర్వాతి ఫ్రీక్వెన్సీకి వెళ్ళగానే మళ్ళీ వస్తుంది. మీకు జరుగుతున్నది అచ్చంగా ఇదే. అంటే మీ కార్డులో ఎల్ఎన్‌బీకి పవర్ ఇచ్చే భాగం బతికే ఉంది, డ్రైవర్ చెప్పిన మాట కార్డు వింటోంది, స్ప్లిటర్ కార్డు వైపు నుంచి కరెంటు పోనిస్తోంది, పైన ఎల్ఎన్‌బీ స్పందిస్తోంది. ఇన్ని పనిచేస్తున్నప్పుడు లినక్స్ మళ్ళీ ఎక్కించడం వల్ల ఒరిగేదేమీ ఉండదు. తప్పు మనం కార్డుకి ఏం వెతకమని చెప్తున్నామో అక్కడ ఉంది.

టీవీహెడ్‌ఎండ్‌లో నెట్‌వర్క్ సృష్టించేటప్పుడు ముందే తయారుగా ఉన్న మక్సుల జాబితా ఒకటి ఎంచుకోమంటుంది. మీరు ఇన్‌శాట్ అని పేరు కనిపించిందాన్ని ఎంచుకున్నానన్నారు. ఆ జాబితాల్లో చాలావాటిని ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోలేదు. పాత ఉపగ్రహాల ఫ్రీక్వెన్సీలు, మూతపడిన ట్రాన్స్‌పాండర్లు (ఉపగ్రహంలో ఒక్కో ఫ్రీక్వెన్సీ మీద ప్రసారం చేసే భాగాలు), హారిజాంటల్‌వి, వర్టికల్‌వి అన్నీ కలిసి ఉంటాయి. వాటిని నమ్ముకుంటే కొత్త కార్డు కొన్నా సున్నాయే వస్తుంది. ఒక్క ఫ్రీక్వెన్సీ, కచ్చితంగా ఉన్నది, మన చేత్తో ఇచ్చి చూడాలి. అది పట్టిన తర్వాతే మిగతావి.

సరే, మొదలుపెడదాం. ముందు టీవీహెడ్‌ఎండ్‌ని ఆపండి, సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ కమాండుతో సర్వీసునే ఆపండి. బ్రౌజర్లో ట్యాబ్ మూస్తే సరిపోదు, అది వెనకాల ట్యూనర్‌ని పట్టుకునే ఉంటుంది, గాల్లోంచి ప్రోగ్రామ్ గైడ్ తెచ్చుకోవడానికి తనంతట తానే లేస్తుంది కూడా. అది పట్టుకుని ఉండగా ఇంకో ప్రోగ్రామ్ తెరిస్తే 'డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ' అని వస్తుంది, దాన్ని చూసి చాలామంది డ్రైవర్ గొడవ అనుకుంటారు. హాల్లో సెట్‌టాప్ బాక్సుని కూడా గోడ దగ్గర స్విచ్ ఆపేయండి. రిమోట్‌తో ఆపితే స్టాండ్‌బైలో ఉండి కూడా చాలా బాక్సులు వోల్టేజీ పంపుతూనే ఉంటాయి, అప్పుడు ఎల్ఎన్‌బీ ఎవరి పవర్‌తో నడుస్తోందో మీకు తెలియదు.

తర్వాత డీవీబీ-టూల్స్ అనే ప్యాకేజీ ఎక్కించుకోండి. అందులో డీవీబీవీ5-స్కాన్, డీవీబీవీ5-జాప్ అనే రెండు చిన్న ప్రోగ్రాములు ఉంటాయి (టెర్మినల్లో ఈ పేర్లు చిన్న ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి). నెట్‌లో దొరికే పాత గైడ్లలో ఎస్‌జాప్, ఉత్త స్కాన్ అని కనిపిస్తాయి, అవి డీవీబీ-యాప్స్ అనే పాత ప్యాకేజీవి. వాటి జోలికి వెళ్ళకండి, ఫైల్ రాసే పద్ధతి వేరు, డీవీబీ-ఎస్2 (శాటిలైట్ టీవీ ప్రసార పద్ధతి డీవీబీ-ఎస్‌కి రెండో తరం) విషయంలో అవి అయోమయం చేస్తాయి. కెర్నెల్‌లో ఎస్2 కోసం కొత్త పద్ధతి 2.6.28తో, అంటే 2008 చివర్లో వచ్చింది, ఇంకా అంతకు ముందు రోజుల గైడ్లు పట్టుకుని కూర్చునేవాళ్ళు ఉన్నారు.

ఒక ఉత్త టెక్స్ట్ ఫైల్ తెరిచి మొదటి లైన్‌లో స్క్వేర్ బ్రాకెట్లలో ఏదో ఒక పేరు పెట్టండి, టీ1 అనుకుందాం. కింద ఒక్కో లైన్‌లో: డెలివరీ సిస్టమ్ డీవీబీఎస్, ఫ్రీక్వెన్సీ 11090000, పోలరైజేషన్ వర్టికల్, సింబల్ రేట్ 29500000, ఇన్నర్ ఎఫ్ఈసీ (ప్రసారంలో తప్పులు సరిదిద్దే కోడ్) ఆటో. సెట్‌టాప్ బాక్సు మెనూల్లో 11090, వీ, 29500 అని చూసి ఉంటారు, అదే ఇది, కానీ సున్నాలు జాగ్రత్తగా చూడండి. ఈ ప్రోగ్రాముల్లో శాటిలైట్ ఫ్రీక్వెన్సీ కిలోహెర్ట్జ్‌లో ఇవ్వాలి, కాబట్టి 11090 పక్కన మూడు సున్నాలు. సింబల్ రేటు సెకనుకి ఎన్ని సింబళ్లో ఇవ్వాలి, దానికీ 29500 పక్కన మూడు. బాక్సు మెనూలో ఉన్నట్టే 11090 అని వదిలేసి రేంజ్ దాటిందని ఎర్రర్ వస్తే కార్డుని తిట్టుకునేవాళ్ళని చాలామందిని చూశాను. టీవీహెడ్‌ఎండ్‌లో చేత్తో మక్స్ కలిపేటప్పుడు కూడా ఇవే సున్నాలు. ప్రసార భారతి అప్పుడప్పుడు ట్రాన్స్‌పాండర్లు అటూ ఇటూ మారుస్తుంది, అందుకని మొదలుపెట్టే ముందు మీ బాక్సులో ఏ ఫ్రీక్వెన్సీ మీద సిగ్నల్ బార్ నిండుగా వస్తోందో చూసి అదే రాసుకోండి. బాక్సు కళ్ళ ముందు పట్టుకుంటున్న ఫ్రీక్వెన్సీ కంటే మంచి ఆధారం ఇంకేం కావాలి.

ఇప్పుడు డీవీబీవీ5-జాప్‌కి అడాప్టర్ 0, ఈ ఫైల్ పేరు, ఎల్ఎన్‌బీ రకం, మానిటర్ ఆప్షన్ (మైనస్ ఎం), చివర టీ1 ఇచ్చి నడపండి. ఎల్ఎన్‌బీ రకం మైనస్ ఎల్ పక్కన ఎక్స్‌టెండెడ్ అని పెద్ద అక్షరాల్లో ఇవ్వండి. అది 9750, 10600 రెండు ఆసిలేటర్లు ఉండే మామూలు యూనివర్సల్ ఎల్ఎన్‌బీ. ఇది ఇవ్వకపోతే ఎల్ఎన్‌బీ చెప్పమని అడుగుతూ ఆగిపోతుంది.

ఈ ఎల్ఎన్‌బీ లెక్క ఒకసారి చేత్తో వేసుకుంటే జన్మలో మళ్ళీ తప్పు పోరు. ఎల్ఎన్‌బీ ఆకాశం నుంచి వచ్చిన ఫ్రీక్వెన్సీలోంచి తన ఆసిలేటర్ ఫ్రీక్వెన్సీ తీసేసి మిగిలింది కేబుల్లో పంపుతుంది. 11090లోంచి 9750 తీస్తే 1340. మీ కార్డు వినగలిగేది సుమారు 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ దాకా, 1340 దాని నడిమధ్య ఉంది, హాయిగా పడుతుంది. అదే పొరపాటున 22 కిలోహెర్ట్జ్ టోన్ వెళ్ళిందనుకోండి, ఆసిలేటర్ 10600 అవుతుంది, 11090లోంచి 10600 తీస్తే 490. కార్డుకి అది వినపడనే వినపడదు. ఎంత మంచి డిష్ అయినా, ఎంత బలమైన సిగ్నల్ అయినా లాక్ రాదు. ఇంట్లో పాత ప్రైవేట్ డీటీహెచ్ డిష్‌ని ఫ్రీ డిష్ వైపు తిప్పుకుని వాడేవాళ్ళు ఎల్ఎన్‌బీ మీద స్టిక్కర్ చదవాలి. అందులో 10600 అని ఒక్కటే ఉంటే ఇదే 490 గొడవ వస్తుంది, ఎల్ఎన్‌బీ మార్చడం తప్ప దారి లేదు. మీ బాక్సు ఇదే డిష్ మీద పనిచేస్తోంది కాబట్టి మీకా బాధ లేదు.

జాప్ నడుస్తుండగా ఇంకో టెర్మినల్ తెరిచి కెర్నెల్ లాగ్, అదే డీమెసేజ్ (dmesg), చివరి లైన్లు చూడండి. ఇక్కడ ఒక విషయం చాలామందికి తెలియదు. మీ కార్డులో డీమాడ్యులేటర్ (సిగ్నల్‌ని డేటాగా విప్పే భాగం) మోంటాజ్ కంపెనీ ఎం88డీఎస్3103 చిప్. దీనికి ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్) కంప్యూటర్ ఆన్ అయినప్పుడు ఎక్కదు, మొదటిసారి ట్యూనర్‌ని ఎవరైనా తెరిచినప్పుడు ఎక్కుతుంది. అందుకే బూట్ అయిన వెంటనే లాగ్ చూసి 'ఎర్రర్లేమీ లేవు, అంతా బాగుంది' అనుకుంటే లాభం లేదు. జాప్ మొదలయ్యాక చూడాలి. ముందు చిప్ కోల్డ్ స్టేట్‌లో దొరికిందని, తర్వాత ఫలానా ఫైల్ నుంచి ఫర్మ్‌వేర్ డౌన్‌లోడ్ చేస్తున్నానని, ఆ తర్వాత వార్మ్ స్టేట్ అని, వెర్షన్ నంబరు అని వరసగా వస్తే మంచిది. అలా కాకుండా డైరెక్ట్ ఫర్మ్‌వేర్ లోడ్ ఫెయిల్ అయింది, ఎర్రర్ మైనస్ 2 అని వస్తే, మైనస్ 2 అంటే ఆ ఫైల్ అక్కడ లేదని మాత్రమే. లిబ్రీఎలెక్ వాళ్ళు డీవీబీ ఫర్మ్‌వేర్లన్నీ ఒకచోట సేకరించి పెట్టారు, లాగ్‌లో ఏ పేరు అడిగిందో సరిగ్గా అదే పేరున్న ఫైల్ తెచ్చి లిబ్ కింద ఫర్మ్‌వేర్ ఫోల్డర్లో పెట్టండి. తర్వాత కంప్యూటర్ పూర్తిగా ఆపి, పవర్ ప్లగ్ తీసి, కాసేపు ఆగి పెట్టండి. రీస్టార్ట్ చేస్తే చిప్‌కి పవర్ పోదు, పాత స్థితిలోనే ఉండిపోవచ్చు. విండోస్, లినక్స్ రెండూ పెట్టుకున్నవాళ్ళకి 'ఒకరోజు పనిచేస్తుంది, ఒకరోజు చేయదు' అనే టెన్షన్‌కి చాలాసార్లు ఇదే కారణం. మీకు హాల్లో టీవీ ఆగుతోంది కాబట్టి ఫర్మ్‌వేర్ ఎక్కే ఉండాలని నా అంచనా, అయినా చూడటానికి ఎంతసేపు.

ఇక జాప్ తెర మీద ఏం చెప్తోందో చదవడం. అసలు విషయమంతా ఇక్కడే ఉంది, తొందరపడకండి. లాక్ అనేది ఒక్కసారిగా వచ్చేది కాదు, మెట్లు మెట్లుగా వస్తుంది. సిగ్నల్, క్యారియర్, విటర్బీ, సింక్, లాక్. పక్కన బ్రాకెట్లో ఒక హెక్స్ నంబరు ఉంటుంది, అన్నీ వచ్చేస్తే అది 0ఎక్స్1ఎఫ్ అవుతుంది. సిగ్నల్ దగ్గరే ఆగిపోయి క్యారియర్ రాకపోతే కార్డుకి ఏదో శబ్దం వినిపిస్తోంది కానీ అడిగిన చోట ఏమీ లేదు, అంటే ఫ్రీక్వెన్సీ తప్పు, లేదా ఎల్ఎన్‌బీ రకం తప్పు, లేదా ఎల్ఎన్‌బీకి పవరే వెళ్ళట్లేదు. క్యారియర్ వచ్చి విటర్బీ దగ్గర ఆగిపోతే అక్కడ ట్రాన్స్‌పాండర్ ఉంది, కానీ సింబల్ రేటు గానీ, డీవీబీ-ఎస్ బదులు ఎస్2 గానీ తప్పు ఇచ్చాం, లేదా సిగ్నల్ బలహీనంగా ఉంది. ఈ రెండో రకంలో ముందు ఫైల్లో డెలివరీ సిస్టమ్‌ని డీవీబీఎస్2 చేసి చూడండి, అప్పటికీ రాకపోతేనే డాబా ఎక్కండి.

సిగ్నల్ శాతం గానీ డీబీఎం గానీ పట్టించుకోకండి, అది కార్డుకో తీరుగా ఉంటుంది. చూడాల్సింది సీ బై ఎన్ (రణగొణ కంటే సిగ్నల్ ఎంత ఎక్కువుందో చెప్పేది), డీబీలో వచ్చే అంకె. మామూలు డీవీబీ-ఎస్ క్యూపీఎస్‌కే (డేటాని సిగ్నల్ మీద ఎక్కించే పద్ధతి), ఎఫ్ఈసీ 3/4కి 7 డీబీ చుట్టుపక్కల అంచు. ఎస్2లో 8పీఎస్‌కే 3/4 అయితే సిద్ధాంతం ప్రకారమే 7.9 కావాలి. అంచు మీద ఉంటే ఎండలో వస్తుంది, మబ్బు పట్టగానే పోతుంది. నేనైతే ఎండ రోజున 11, 12 కనిపించేదాకా డిష్ సర్దుతాను, వానాకాలానికి ఆ మిగులు కావాలి.

డిష్ సర్దాల్సి వస్తే హైదరాబాద్ నుంచి లెక్క చెప్తాను: దిక్కు సుమారు 138 డిగ్రీలు, అంటే ఆగ్నేయం, ఎత్తు సుమారు 63 డిగ్రీలు. ఆంధ్రా, తెలంగాణల్లో ఎక్కడున్నా ఎత్తు దీనికి కొద్ది డిగ్రీల తేడాలోనే ఉంటుంది, దిక్కు మాత్రం ఊరిని బట్టి పది డిగ్రీల పైన కూడా మారొచ్చు. 63 అన్నాను కదా అని డిష్‌ని ఆకాశానికి తిప్పేయకండి, ఇవి ఆఫ్‌సెట్ డిష్‌లు, చూడటానికి అంతకంటే చాలా నిటారుగా కనిపిస్తాయి. బ్రాకెట్ మీద స్కేలు ఉంటే దాన్నే నమ్మండి. ఎల్ఎన్‌బీని దాని పట్టీలో కొద్దికొద్దిగా తిప్పుతూ కూడా సీ బై ఎన్ చూడండి. ఉపగ్రహం మనకి నేరుగా దక్షిణాన లేదు కాబట్టి ఎల్ఎన్‌బీ నిటారుగా ఉంటే నష్టమే, చాలామంది డిష్ అంగుళం అంగుళం కదిపి అలిసిపోతారు గానీ దీన్ని ముట్టుకోరు. కింద జాప్ నడుపుతూ ల్యాప్‌టాప్ నుంచో ఫోన్ నుంచో ఎస్ఎస్‌హెచ్‌లో అదే తెర డాబా మీద చూసుకోవచ్చు, కిందనుంచి కేకలు వేసే మనిషి అక్కర్లేదు.

క్యారియర్ అసలే రానివాళ్ళ కోసం (మీకు రావాలి, కానీ ఇదే బాధతో ఇంకెవరైనా చదువుతుంటే): మల్టీమీటర్ తీసుకుని, జాప్ నడుస్తుండగా కార్డు ఎఫ్ కనెక్టర్ దగ్గర మధ్య పిన్నుకీ బయటి లోహానికీ మధ్య డీసీ వోల్టేజీ కొలవండి. వర్టికల్ అడిగాం కాబట్టి 13 చుట్టుపక్కల రావాలి. జాప్ ఆపేస్తే అది పోతుంది, ప్రోగ్రామ్ ఆపేసి కొలిచి సున్నా వచ్చిందని కార్డు పోయిందనుకోకండి. మీటర్ మొనతో మధ్య పిన్నునీ బయటి లోహాన్నీ కలిపేయకండి, ఎల్ఎన్‌బీకి పవర్ ఇచ్చే భాగం కాలిపోవచ్చు. అదే కారణంతో కేబుల్ తీయడం, పెట్టడం కంప్యూటర్ ఆపేసే చేయండి. కొన్ని కార్డుల మీద కంప్యూటర్ పవర్ సప్లై నుంచి విడిగా ఒక వైరు పెట్టే సాకెట్ ఉంటుంది, అది పెట్టకపోతే లినక్స్‌లో కార్డు నిక్షేపంగా కనిపిస్తుంది, పైకి మాత్రం పవర్ వెళ్ళదు. యూఎస్‌బీ శాటిలైట్ పెట్టెలకైతే దానితో వచ్చిన అడాప్టర్ పెట్టాల్సిందే, యూఎస్‌బీ పోర్టు ఎల్ఎన్‌బీని మోయలేదు.

స్ప్లిటర్ గురించి కూడా ఒక మాట. కొన్ని స్ప్లిటర్లు ఒక వైపు నుంచే కరెంటు పోనిస్తాయి, రెండో వైపు ఆపేస్తాయి. అలాంటప్పుడు హాల్లో బాక్సు ఆన్‌లో ఉంటే కార్డుకి ఛానెళ్లు వస్తాయి, బాక్సు ఆపితే పోతాయి. మీది రెండు వైపులా పోనిచ్చే రకమే, లేకపోతే హాల్లో టీవీ ఆగేది కాదు. మీరు ఫ్రీ డిష్ ఒక్కటే చూస్తే ఈ స్ప్లిటర్‌తోనే బతకొచ్చు, ఎందుకంటే బాక్సు, కార్డు రెండూ ఒకే 13 వోల్టులు, టోన్ లేకుండా అడుగుతాయి కాబట్టి గొడవ రాదు. స్ప్లిటర్ వల్ల సగం సిగ్నల్ పోతుందని బూస్టర్ కొనమనేవాళ్ళు ఉంటారు, వద్దు. ఎల్ఎన్‌బీ పైనే సిగ్నల్‌ని విపరీతంగా పెంచి పంపుతుంది, కింద సగం పోయినా సీ బై ఎన్ పెద్దగా తగ్గదు. డబ్బు పెట్టాలనుకుంటే రెండు అవుట్‌పుట్‌ల ఎల్ఎన్‌బీ కొని రెండో కేబుల్ లాగండి, అప్పుడు ఎవరి దారి వారిది, మీరు ఏ ప్రయోగం చేసినా హాల్లో టీవీ ఆగదు.

లాక్ వచ్చింది అనుకుందాం. టీవీహెడ్‌ఎండ్‌కి వెళ్ళేముందు ఇంకొక్క పరీక్ష. జాప్‌కే మైనస్ పెద్ద పీ ఇచ్చి (అన్ని పిడ్‌లు, అంటే ట్రాన్స్‌పాండర్‌లోని బొమ్మ, శబ్దం లాంటి ప్రవాహాలన్నీ కావాలని అర్థం), మైనస్ ఓ తో ఒక ఫైల్ పేరు, మైనస్ టీ 30 ఇవ్వండి, మైనస్ ఎం తీసేయండి. 30 సెకన్లు ట్రాన్స్‌పాండర్ మొత్తాన్ని ఫైల్లోకి రాస్తుంది. 29500 సింబల్ రేటు, క్యూపీఎస్‌కే, ఎఫ్ఈసీ 3/4 అయితే సెకనుకి సుమారు 40.8 మెగాబిట్లు, అంటే 30 సెకన్లకి 150 ఎంబీ పైచిలుకు రావాలి. అంత వస్తే ఆ ఫైల్‌ని వీఎల్‌సీలో తెరవండి, ప్రోగ్రామ్ మెనూలో ఛానెళ్ల పేర్లు కనిపిస్తాయి. ఇక్కడిదాకా వచ్చిందంటే కార్డు, డ్రైవర్, డిష్, కేబుల్ అన్నీ పాస్. ఇకమీదట ఏం ఆగినా అది టీవీహెడ్‌ఎండ్ సెట్టింగే.

టీవీహెడ్‌ఎండ్‌లో ఇప్పుడున్న నెట్‌వర్క్‌ని మక్సులతో సహా తీసిపారేయండి. కొత్తగా డీవీబీ-ఎస్ నెట్‌వర్క్ ఒకటి సృష్టించండి, ముందే తయారైన జాబితా అడిగితే ఖాళీగా వదిలేయండి. టీవీ అడాప్టర్స్‌లో మీ కార్డు కింద శాట్‌కాన్ఫిగ్ 'యూనివర్సల్ ఎల్ఎన్‌బీ ఓన్లీ' ఉండాలి. స్విచ్‌లు, రోటర్లు, అడ్వాన్స్‌డ్ ఏవీ వద్దు, మీకు డైసెక్ స్విచ్ (ఒకే కేబుల్ మీద ఒక ఎల్ఎన్‌బీ నుంచి ఇంకోదానికి మార్చేది) లేదు. దాని కింద ఎల్ఎన్‌బీకి ఈ కొత్త నెట్‌వర్క్ జతచేసి సేవ్ చేయండి. తర్వాత మక్స్ ఒక్కటే చేత్తో కలపండి, ఇందాక లాక్ వచ్చిన అంకెలే. అది ఓకే అయి సర్వీసులు వచ్చాయా, అప్పుడు నెట్‌వర్క్ డిస్కవరీ ఆన్ చేస్తే ఆ ట్రాన్స్‌పాండర్ తనలో మోసుకొచ్చే పట్టిక చదివి మిగతావి కలుపుకుంటుంది. అడ్డదిడ్డంగా హారిజాంటల్‌వో 11700 పైవో ఏవైనా చేరితే వెంటనే తీసేయండి, లేకపోతే హాల్లో టీవీ మళ్ళీ ఆగడం మొదలవుతుంది. కమాండ్ లైన్‌లో పనిచేసి టీవీహెడ్‌ఎండ్‌లో అడాప్టరే కనిపించకపోతే అది హెచ్‌టీఎస్ అనే యూజర్‌తో నడుస్తుందని గుర్తుంచుకోండి, ఆ యూజర్ వీడియో గ్రూపులో ఉండాలి.

కొన్ని ఛానెళ్ల పేర్లు వచ్చి బొమ్మ రాకపోతే, అవి ఎన్‌క్రిప్ట్ అయినవేమో చూడండి, టీవీహెడ్‌ఎండ్ సర్వీసుల పట్టికలో తెలుస్తుంది. వాటిని ఇలాంటి కార్డు తెరవలేదు, ప్రైవేట్ డీటీహెచ్ వాళ్ళవీ అంతే. డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి లాంటి దూరదర్శన్ ఛానెళ్లు మీకు కనిపించాలి, పరీక్షకి అవే వాడండి.

పనిచేయడం మొదలయ్యాక గళ్ళు గళ్ళుగా బొమ్మ చెదరడం అనే ఫిర్యాదు వస్తుంది, అందుకని అదీ ఇప్పుడే చెప్పేస్తాను, ఇక్కడ జనం నెలల తరబడి తప్పుదారిలో వెతుకుతారు. టీవీహెడ్‌ఎండ్ స్టేటస్ పేజీలో రెండు కాలమ్‌లు చూడండి, సరిదిద్దలేకపోయిన బ్లాకులవి, కంటిన్యుటీ ఎర్రర్లవి. మొదటిది పెరుగుతూ ఉంటే తప్పు బయట ఉంది: డిష్ కదిలింది, కనెక్టర్‌లో నీళ్ళు చేరాయి, కోస్తా ఊళ్ళైతే ఉప్పుగాలికి ఎఫ్ కనెక్టర్ తుప్పు పట్టింది. మొదటిది సున్నాలో ఉండి రెండోది మాత్రమే పెరుగుతుంటే సిగ్నల్ శుభ్రంగా కార్డు దాకా వచ్చింది, కార్డు నుంచి లోపలికి వచ్చే దారిలో పోతోంది. అప్పుడు డాబా ఎక్కడం దండగ. పీసీఐ ఎక్స్‌ప్రెస్ పవర్ సేవింగ్ (బూట్ లైన్‌లో పీసీఐఈ ఏఎస్‌పీఎం ఆఫ్ అని ఇచ్చి చూడండి), ఇంకో స్లాట్, రికార్డింగ్ జరిగే డిస్క్ నెమ్మదిగా ఉండటం, వీటిని చూడాలి. మీ కార్డు ఎల్ఎస్‌పీసీఐలో సీఎక్స్23885 అని కనిపించే పాత ఎస్950 రకమై, కంప్యూటర్ రైజెన్ అయితే, లాగ్‌లో ఎంపెగ్ రిస్క్ ఆప్ కోడ్ ఎర్రర్ అని వస్తుందేమో చూడండి. ఆ డ్రైవర్‌కి డీఎంఏ రీసెట్ వర్క్‌అరౌండ్ అనే ఆప్షన్ ఉంది, దాన్ని 2 చేస్తే బలవంతంగా ఆన్ అవుతుంది. మార్చిలో, మళ్ళీ సెప్టెంబర్ చివర్లో, అక్టోబర్ మొదట్లో కొన్ని రోజులు పగలు ఒకే సమయానికి కొన్ని నిమిషాలు పూర్తిగా పోతే దేన్నీ ముట్టుకోకండి, సూర్యుడు ఉపగ్రహం వెనక్కి వచ్చే రోజులవి.

మీ పక్క ప్రశ్నకి కూడా జవాబు: ఈ కార్డు అమ్మి చవకగా దొరికే ఆర్‌టీఎల్2832యూ యూఎస్‌బీ డాంగిల్ కొనడం గురించి. వద్దు. అది శాటిలైట్ పట్టదు, యాంటెన్నాతో వచ్చే డీవీబీ-టీ మాత్రమే, మన దేశంలో దూరదర్శన్ వాడింది డీవీబీ-టీ2, అది దానికి రాదు. పాత సాటెలైట్ కార్డు కొనాలనుకునేవాళ్ళకి నా సలహా ఒకటే, డ్రైవర్ కెర్నెల్లోనే ఉన్నదాన్ని కొనండి. బయటి డ్రైవర్ కంపైల్ చేసుకునే కార్డులు పనితనంలో బాగానే ఉంటాయి, కానీ ప్రతి కెర్నెల్ అప్‌డేట్‌కీ మళ్ళీ కట్టుకోవాలి, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే కీ లేదని మాడ్యూల్‌ని లోపలికే రానివ్వదు, ఇంట్లో పెద్దవాళ్ళు రోజూ చూసే టీవీకి ఆ తలనొప్పి పనికిరాదు. మీ ఎస్950 డ్రైవర్ కెర్నెల్లోనే ఉంది, అందుకే అమ్మొద్దన్నాను.

ఇదంతా చేశాక కూడా లాక్ రాకపోతే మూడు ముక్కలు పంపండి: జాప్ తెర మీద వచ్చిన చివరి పది లైన్లు, అదే సమయంలో డీమెసేజ్‌లో ఎం88 అని ఉన్న లైన్లన్నీ, మీరు రాసిన టెక్స్ట్ ఫైల్ ఉన్నదున్నట్టు. మానిటర్‌కి ఫోన్‌తో తీసిన ఫోటో వద్దండి, అక్షరాలుగా కాపీ చేసి పెట్టండి, సున్నాలు లెక్కపెట్టాలి. ఎల్ఎన్‌బీ మీద స్టిక్కర్‌కి మాత్రం ఫోటోయే కావాలి.